కిడ్ ఏ తర్వాత రేడియోహెడ్ పాటను వదిలేసిందా?

పల్లవి_చరణం (విజయవాడ)

ఈ మాట అంటే ఇక్కడ చాలామందికి కోపం వస్తుందని తెలుసు, అయినా అంటాను. ఇంగ్లీషు రాక్ బృందం రేడియోహెడ్ గొప్పతనం 1995లో ద బెండ్స్ ఆల్బమ్‌తో మొదలై 1997లో ఓకే కంప్యూటర్‌తో శిఖరానికి చేరింది. 2000 అక్టోబర్‌లో కిడ్ ఏ ఆల్బమ్ వచ్చాక వాళ్లు చేసినవాటిలో మంచి శబ్దాలున్నాయి, మంచి ఆలోచనలున్నాయి. పాటలు మాత్రం బాగా తక్కువ.

ముగ్గురు గిటారు పట్టగలిగిన బృందం అది, ఆ గిటార్లనే పక్కన పడేసింది. ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్ వినండి. లండన్‌లో అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ కచేరీ చూసొచ్చి, ఈ బృందం గాయకుడు థామ్ యార్క్ పాడిన పాట. ఒక గొంతు, ఒక అకూస్టిక్ గిటారు, మెల్లగా పెరిగి పెరిగి ఒక్కచోట విరుచుకుపడే మోత. పాటకి ఇంకేం కావాలి? అంత గొంతున్న మనిషి ఐదేళ్లు తిరిగేసరికి ఆ గొంతునే యంత్రంలో వేసి నలిపేశాడు. కిడ్ ఏ ఆల్బమ్‌లో అదే పేరుతో ఉన్న పాట వినండి. ఆ పాడేది మనిషేనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఆ ఆల్బమ్ నుంచి విడిగా ఒక్క పాట (సింగిల్) కూడా వదల్లేదు, మామూలు మ్యూజిక్ వీడియోలు తీయలేదు. అయినా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. ఓకే కంప్యూటర్ సంపాదించిపెట్టిన అభిమానమే దాన్ని అక్కడ కూర్చోబెట్టిందని నా నమ్మకం. కష్టంగా ఉంది కాబట్టి గొప్పది అనే వాదన దయచేసి వద్దు. పాటగా ఎందుకు గొప్పదో చెప్పండి, వింటాను.

తీగమోత (హైదరాబాద్)

గిటారు పక్కన పడేశారన్నది సగమే నిజమండీ. కిడ్ ఏలో ట్రీఫింగర్స్ ఉంది కదా, వినగానే అందరూ కీబోర్డు అనుకునేది. అది బృందంలోని ఎడ్ ఓబ్రయన్ గిటారు. అతను వాయించిన ముక్కల్ని శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాల్ని మార్చి వాయించే యంత్రంలో) సాగదీసి, ఒకదానికొకటి అతికి తయారుచేసిందే ఆ ట్రాక్ మొత్తం. ఆప్టిమిస్టిక్ అయితే పూర్తిగా గిటారు పాటే, దాన్ని ద బెండ్స్ అభిమాని ఎలా వదిలేస్తాడో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. ప్రయోగం 2000లో ఆకాశంలోంచి ఊడిపడలేదు. క్రీప్ అనే వాళ్ల పాత పాటలో గొంతు పైకి లేచే ముందు బృందం గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ గిటారు గరగరమని రెండుమూడు దెబ్బలు కొడుతుంది. ఆ పాట మరీ మెత్తగా ఉందని నచ్చక, దాన్ని పాడుచేద్దామని కొట్టిన దెబ్బలవి. ఇవాళ ఆ పాట మొదలవగానే జనం ఎదురుచూసేది ఆ దెబ్బల కోసమే. ఎయిర్‌బ్యాగ్‌లో ఫిల్ సెల్వే డ్రమ్స్ కొద్ది సెకన్లు రికార్డు చేసి, ముక్కలు చేసి మళ్లీ అతికారు. రికార్డుల ముక్కలు అతికి సంగీతం కట్టే డీజే షాడో పద్ధతి చూసి చేసిన పని అది. ఫిట్టర్ హ్యాపియర్‌లో మాట్లాడేది మ్యాకింటోష్ కంప్యూటర్‌లో ఉన్న గొంతు. ఇవన్నీ మీరు శిఖరం అన్న ఓకే కంప్యూటర్‌లోవే కదా? ఆ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం బాత్ దగ్గర సెయింట్ కేథరీన్స్ కోర్ట్ అనే పాత భవంతిలో చేశారు. అక్కడి గదుల్ని కూడా వాయిద్యంలా వాడుకున్నారు. ఎగ్జిట్ మ్యూజిక్‌లో ఆ గొంతు చుట్టూ ఉన్న చల్లదనం రాతి మెట్ల దగ్గర పాడటం వల్ల వచ్చింది.

ఓకే కంప్యూటర్ విని రికార్డు కంపెనీ వాళ్లు కూడా ఇది అమ్ముడుపోదని అమ్మకాల అంచనా తగ్గించుకున్నారు. మీరు కిడ్ ఏ గురించి ఇప్పుడు అంటున్నదే అప్పుడు వాళ్లు దీని గురించి అన్నారు.

నిజామాబాద్_పోరడు (నిజామాబాద్)

అన్నా, పాటగ ఎందుకు గొప్పదో చెప్పుమన్నరు గద. నేను కిడ్ ఏల ఉన్న ఇడియోటెక్ ముచ్చట చెప్త.

జానీ ఒక్కడే కూసొని డ్రమ్ మెషీన్ తోని, సింథ్ తోని 50 నిమిషాలు ఏవేవో వాయించి టేపు మీద ఎక్కించి థామ్‌కు ఇచ్చిండు. థామ్ మొత్తం విన్నడు. అండ్లకెల్లి నిమిషం గూడ లేని ఒక తునక పట్టుకున్నడు. పాటంత ఆ తునక మీదనే నిలవడ్డది. అండ్ల మోగే నాలుగు కార్డ్స్ (ఒక్కపారే మోగే స్వరాల గుంపులు) పాల్ లాన్‌స్కీ అనే అమెరికా స్వరకర్తయి. 1973ల ప్రిన్స్‌టన్ యూనివర్సిటీల పెద్ద ఐబీఎం కంప్యూటర్ మీద ఆయన చేసిన మిల్డ్ ఉండ్ లైజే అనే రచనలకెల్లి తీసుకున్నరు. దొంగతనంగ గాదు, అడిగి తీసుకున్నరు, పాట రాసినోళ్లల్ల ఆయన పేరు గూడ వేసిన్రు.

ఇగ పాట సంగతి. బంకర్ల దాక్కున్నోళ్ల భయం, మంచుయుగం వస్తున్నదన్న భయం అది. కింద మెషీన్ కొట్టుకుంటనే ఉంటది, దానికి అలుపు లేదు, జాలి లేదు. మీద మనిషి గొంతు మాత్రం ఊపిరి సాలక ఉరుకుతది. గదే పాట. డ్రమ్స్ కాడ సెల్వే కూసొని మామూలుగ కొట్టినా, గిటార్లు పెట్టి మోగించినా ఆ చలి పుట్టదు. మెషీన్ ఎందుకు పెట్టిన్రంటె దాని పని దానికున్నది.

చాపుతాళం (రాజమండ్రి)

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి, రాక్ వినడం కాలేజీలో మొదలైంది. కాబట్టి నా చెవి ముందు తాళం మీదికి పోతుంది. క్షమించాలి, ఇది కొంచెం పొడుగవుతుంది.

కిడ్ ఏలో మొదటి పాట ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్. ప్రాఫెట్-5 అనే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద ఆ వరస మొదలవుతుంది. తల ఊపబోతే అడుగు దొరకదు. లెక్క వేస్తే ఆవర్తనం 10 దెబ్బలకి తిరుగుతోంది. అదే ఆల్బమ్‌లో మార్నింగ్ బెల్ 5 దెబ్బలు. 2007లో వచ్చిన ఇన్ రెయిన్‌బోస్‌లో 15 స్టెప్ కూడా 5. చప్పట్లు కూడా ఉంటాయి, ఖండ చాపు తెలిసినవాళ్లకి చెయ్యి దానంతటదే కదులుతుంది. పారనాయిడ్ ఆండ్రాయిడ్ మధ్యలో గిటారు విరుచుకుపడే చోట 7 దెబ్బల ఆవర్తనాలు దూరతాయి.

కచేరీలో మనం తాళం చేత్తో వేసి చూపిస్తాం, సభలో అందరికీ కనిపిస్తుంది. వీళ్లు తాళాన్ని దాస్తారు. ఆ దాచడం వల్ల వినేవాడి కాలు కింద నేల కదిలినట్టవుతుంది, పాటలోని మాటలు కూడా ఆ కదలిక గురించే ఉంటాయి.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ అమ్నీజియాక్ ఆల్బమ్‌లో పిరమిడ్ సాంగ్. పియానో ఒక్కటే ఉన్నంతసేపు ఏ లెక్కకీ లొంగదు. ఎన్నేళ్లుగానో దాని తాళం మీద వాదనలు జరుగుతూనే ఉన్నాయి. నేను దాన్ని తకిట తకిట తకధిమి తకిట తకిట అని చెప్పుకుంటాను. 3, 3, 4, 3, 3. కలిపితే 16. అంటే లోపల ఉన్నది నాలుగు నాలుగుగా బుద్ధిగా నడిచే చతురశ్రమే. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లెక్క అది. డ్రమ్స్ వచ్చాక మెల్లగా బోధపడుతుంది. ఆ బోధపడే క్షణం కోసమే నేను ఆ పాట వింటాను.

పల్లవి_చరణం (విజయవాడ)

చాపుతాళం గారూ, మీ లెక్క నాకు నచ్చింది, నిజంగా. కానీ 5 దెబ్బల తాళంలో చెడ్డ పాట కూడా కట్టొచ్చు. లెక్క వల్ల పాట మంచిదైపోదు.

నా అసలు బాధ సాహిత్యంతో. కిడ్ ఏ సమయంలో థామ్ వాక్యాలు కాగితం ముక్కల మీద రాసి, టోపీలో వేసి, చేతికి వచ్చినవి తీసి పాడాడు. రాయలేని స్థితిలో ఉన్నాడని తెలుసు. ఓకే కంప్యూటర్ తర్వాత పర్యటన అతన్ని కుంగదీసింది. ఆ మనిషి మీద నాకు సానుభూతి ఉంది. కానీ సాహిత్యం అంటే ప్రాణం పెట్టే భాష మనది. ఒక మాట పక్కన ఇంకో మాట ఎందుకు వచ్చిందో అడిగే హక్కు శ్రోతకి ఉంది. దానికి టోపీ సమాధానం కాదు.

ఆల్బమ్ వచ్చినప్పుడు న్యూయార్కర్‌లో నవలా రచయిత నిక్ హార్న్‌బీ ఇదే రకం అభ్యంతరం చెప్పాడు. ఇలాంటి ఆల్బమ్‌కి గంటలు గంటలు ఇవ్వగలిగేది కుర్రవాళ్లే, ఉద్యోగం చేసి ఇంటికొచ్చే పెద్దవాళ్లకి అంత తీరిక ఎక్కడిది అని. నాకు ఆ మాట సబబుగానే తోచింది.

రాత్రి_డ్యూటీ (మాంచెస్టర్)

నేను ఇక్కడ ఆసుపత్రిలో రాత్రి షిఫ్టులు చేస్తాను. అలసిపోయి ఇంటికొచ్చేవాళ్ల తరఫున నేనే మాట్లాడతాను, హార్న్‌బీ అక్కర్లేదు.

తెల్లవారి బస్సులో హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ వింటాను. అది నన్ను ఏ ఓపికా అడగదు. అకూస్టిక్ గిటారు ఒకే వరసలో తిరుగుతుంటుంది, దాని కింద బేస్ మెల్లగా నడుస్తుంటుంది. చుట్టూ తంత్రీవాద్యాలు పైకి లేస్తాయి. ఒకచోట అవన్నీ శ్రుతి తప్పి చెదిరిపోయి, మళ్లీ వచ్చి గొంతు కింద చేరతాయి. ఆ చెదిరే చోట ప్రతిసారీ నా గుండె ఆగినంత పనవుతుంది. పల్లవి గారూ, మీరు పాట కావాలన్నారు. గొంతూ గిటారూ రెండూ ఉన్న పాట ఇది, అదీ కిడ్ ఏలోనే.

ఆ తంత్రీవాద్యాలు ఆక్స్‌ఫర్డ్ దగ్గర డార్చెస్టర్ అబీ అనే పాత చర్చిలో ఆర్కెస్ట్రా ఆఫ్ సెయింట్ జాన్స్ వాయించింది. జానీ ముందుగా ఆండ్ మార్టెనో మీద పొరలు పొరలుగా వాయించుకుని, దాన్నిబట్టి స్వరం రాశాడు. 1928లో మోరిస్ మార్టెనో అనే ఫ్రెంచి ఆయన జనానికి చూపించిన ఎలక్ట్రానిక్ వాయిద్యం అది. వేలికి ఉంగరం తొడుక్కుని తీగ మీద జరిపితే స్వరం జారుతూ పోతుంది, ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య గోడ ఉండదు. మన గమకాల మీద పెరిగిన చెవికి అది పరాయిగా అనిపించదు. నాకైతే మొదటిసారే దగ్గరైంది.

టోపీలోంచి తీసిన మాటల గురించి ఒక్కటే చెబుతాను. షిఫ్టు చివర్లో నా బుర్రలో మాటలు అలాగే ఉంటాయి, ఒకదానికొకటి అతకకుండా. ఆ స్థితిని చెప్పే సాహిత్యం కూడా సాహిత్యమే.

విశాఖ_బేస్ (విశాఖపట్నం)

బేస్ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతా. కిడ్ ఏలోని ద నేషనల్ యాంథమ్ బేస్ వరస థామ్ పదహారేళ్ల వయసులో కట్టుకున్నది. రికార్డులో వాయించింది కూడా అతనే, బృందం బేసిస్టు కాలిన్ గ్రీన్‌వుడ్ కాదు. పాట మొత్తానికీ ఆ ఒక్క వరసే. మారదు. దాని మీద జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ తరహాలో ఊదే వాయిద్యాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తాయి. బేస్ గట్టిగా నిలబడింది కాబట్టే మిగతావాళ్లకి అంత స్వేచ్ఛ.

కానీ నేను గుడ్డిగా సమర్థించే రకం కాదు. 2011లో వచ్చిన ద కింగ్ ఆఫ్ లింబ్స్ నాకు ఇప్పటికీ ఎక్కలేదు. ఎనిమిది పాటలు, 40 నిమిషాలు కూడా లేదు. ముక్కలు కోసి మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతి అక్కడ పాటని మించిపోయింది. అవే పాటల్ని ఫ్రమ్ ద బేస్‌మెంట్ అనే లైవ్ కార్యక్రమం కోసం క్లైవ్ డీమర్‌ని రెండో డ్రమ్మర్‌గా పెట్టుకుని వాయించినప్పుడు చూడండి. బ్లూమ్ అయితే ప్రాణంతో లేచి కూర్చుంది. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తే వచ్చే తేడా అది. పల్లవి గారి వాదానికి బలమైన సాక్ష్యం కిడ్ ఏ కాదు, కింగ్ ఆఫ్ లింబ్స్.

తీగమోత (హైదరాబాద్)

విశాఖ గారూ, కింగ్ ఆఫ్ లింబ్స్ మీద మీతో గొడవ లేదు. లోటస్ ఫ్లవర్ ఒక్కటీ మినహాయించండి, చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వీళ్లు పాటను వదిలేసుంటే, చేతిలో ఉన్న మంచి పాటల్ని ఏళ్లకేళ్లు ఎందుకు పట్టుకు తిరిగారు? న్యూడ్ 1998 నాటికే కచేరీల్లో పాడారు. రికార్డులో ఎక్కింది 2007లో. మధ్యలో వచ్చిన మూడు ఆల్బమ్‌లలో దేన్లోనూ పెట్టలేదు. ట్రూ లవ్ వెయిట్స్ సంగతి మరీనూ. 1995లో వేదిక మీద మొదటిసారి పాడారు, స్టూడియో రికార్డింగ్ వచ్చింది 2016లో, ఎ మూన్ షేప్డ్ పూల్ చివర్లో. 21 ఏళ్లు. అభిమానులకి ఆ పాట కంఠతా వచ్చు, కావాలంటే ఏ ఏడాదైనా గిటారు పట్టుకుని పాడేసి అమ్ముకోవచ్చు. ఆ పాటకి తగిన శబ్దం దొరకలేదని ఆగారు.

నా వాదన ఇంతే. ఈ బృందానికి ప్రయోగం పాట కోసం. పాట ముందే ఉంటుంది, దాన్ని ఎలా మోగించాలో వెతకడానికే ఇంత తంటా. ఇన్ రెయిన్‌బోస్‌లో ఆ వెతుకులాట ఫలించింది కాబట్టే అది నాకు వాళ్ల అన్ని ఆల్బమ్‌ల కన్నా పైన. వియర్డ్ ఫిషెస్‌లో మూడు గిటార్లు ఒకదాని మీద ఒకటి అల్లుకునే తీరు ద బెండ్స్ రోజుల్లో వాళ్లకి సాధ్యమయ్యేది కాదు. యంత్రాలతో ఏళ్లు గడిపి వచ్చాకే గిటారుని అంత సన్నగా వాయించడం తెలిసింది.

నిజామాబాద్_పోరడు (నిజామాబాద్)

ఇన్ రెయిన్‌బోస్ అంటె మందికి యాదికొచ్చేది ధర ముచ్చట. 2007 అక్టోబర్ 10 నాడు వాళ్ల వెబ్‌సైట్ల పెట్టి, మీకు తోచినంత ఇయ్యున్రి, సున్న ఇచ్చినా సరే అన్నరు. పేపర్లల్ల అంత గదే రాసిన్రు. పాటల గురించి రాసినోళ్లు తక్కువ. నాకు గది మస్తు బాధ అనిపిస్తది. తర్వాత సీడీ మామూలుగ దుకాణాలల్ల పెడితె అమెరికల, బ్రిటన్ల మళ్ల నంబర్ వన్ అయింది. ఫుకట్ల దొరికినంక గూడ జనం పైసలు పెట్టి కొన్నరంటె పాటల బలమే గద అన్నా.

పల్లవి_చరణం (విజయవాడ)

తీగమోత గారూ, ట్రూ లవ్ వెయిట్స్ ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2001లో వచ్చిన లైవ్ రికార్డింగుల డిస్కులో థామ్ ఒక్కడే గిటారుతో పాడిన రూపం ఉంది. ఆ గిటారు గట్టిగా, తొందరగా, బతిమాలుతున్నట్టు మోగుతుంది. 2016 రూపంలో పియానో ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కాలం తప్పి తేలుతుంటాయి. బతిమాలడం పోయింది. మీరు తగిన శబ్దం దొరికింది అంటున్నారు. పాటలోని ఆశని తీసేశారు అంటాను నేను.

రాత్రి_డ్యూటీ (మాంచెస్టర్)

ఆశ పోయాకే కదండీ ఆ రూపం వచ్చింది. పాతికేళ్ల వయసులో పాడిన బతిమాలాటని నలభై ఏడేళ్లప్పుడు అదే గొంతుతో పాడితే అబద్ధమయ్యేది. 2015లో అతని సుదీర్ఘ బంధం ముగిసింది, మరుసటి ఏడాది ఈ ఆల్బమ్ వచ్చింది. మాట ఒక్కటీ మారలేదు, వేడుకోలు కాస్తా వీడ్కోలు అయింది. ఒకే పాట రెండు వయసుల్లో దొరకడం ఎంతమందికి కుదురుతుంది?

చాపుతాళం (రాజమండ్రి)

పాడేవాడి ఇంటి సంగతులు తెలియకపోయినా ఆ పాట నిలబడుతుందని నా అభిప్రాయం. పియానో వరసలు వేరువేరు కొలతల్లో మొదలై ఒకదాన్నొకటి దాటిపోతుంటాయి. గొంతు మాత్రం దేనికీ అతుక్కోకుండా మధ్యలో నిలబడుతుంది. ఆ ఒంటరితనం శబ్దంలోనే ఉంది, జీవితచరిత్ర చదివి తెచ్చుకోనక్కర్లేదు.

కొత్తశ్రోత (వరంగల్)

అందరికీ నమస్తే. నేను ఈ బృందానికి జునూన్ ద్వారా వచ్చాను. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో షై బెన్ త్జూర్, రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ కళాకారులతో కలిసి జానీ గ్రీన్‌వుడ్ చేసిన ఆల్బమ్, 2015. ఖవ్వాలీ కోసం వెళ్లి వెనకాల గిటారు పట్టుకున్నది ఎవరా అని వెతికితే ఇక్కడ తేలాను. రేడియోహెడ్ ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తీగమోత (హైదరాబాద్)

జునూన్‌లో జానీని బాగా గమనించారు. రికార్డు చేసింది కూడా నైజల్ గాడ్రిచే, ఓకే కంప్యూటర్ నుంచి ఎ మూన్ షేప్డ్ పూల్ దాకా వీళ్ల ఆల్బమ్‌లన్నీ నిర్మించిన మనిషి. అందులో జానీ ఎక్కడా ముందుకు రాడు, బ్యాండు వాద్యాలూ ఢోలకూ నడుస్తుంటే పక్కన కూర్చుని వింటూ వాయిస్తాడు. ఆ వినే గుణం నచ్చితే ఇన్ రెయిన్‌బోస్‌తో మొదలుపెట్టండి. తర్వాత ఎ మూన్ షేప్డ్ పూల్.

విశాఖ_బేస్ (విశాఖపట్నం)

నేనైతే ఓకే కంప్యూటర్, వెంటనే కిడ్ ఏ. వరసగా, అదే వారంలో. ఆ దూకుడు ఒంటికి తగలాలి. 1985లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ అబింగ్డన్ స్కూల్లో శుక్రవారాలు సాధన చేసుకున్న ఐదుగురు పిల్లలు వీళ్లు, అందుకే మొదట ఆన్ ఎ ఫ్రైడే అని పేరు పెట్టుకున్నారు. 2025 నవంబర్‌లో మళ్లీ వేదిక ఎక్కినప్పుడూ అవే ఐదు మొహాలు. మూడు ఆల్బమ్‌ల తర్వాత ఉన్న పేరునంతా పణంగా పెట్టి దారి మార్చినా ఒక్కరూ బయటికి పోలేదు. గిటారిస్టులకి గిటారు పని లేకుండా పోయిన స్టూడియోలో ఎడ్ ఓబ్రయన్ రోజువారీ డైరీ రాసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు, దొరికితే చదవండి. ఎవరు ఏం చేయాలో తెలియక ఎంత సతమతమయ్యారో అందులో ఉంటుంది.

పల్లవి_చరణం (విజయవాడ)

కొత్తశ్రోత గారూ, ద బెండ్స్‌తో మొదలుపెట్టండి. పాట అంటే ఏమిటో వీళ్లకి తెలుసని ముందు తెలుసుకోవాలి. స్ట్రీట్ స్పిరిట్ విన్నాక మిగతా చర్చంతా మీకే అర్థమవుతుంది.

చాపుతాళం గారికి ఒక ప్రశ్న. పిరమిడ్ సాంగ్ మొదటినుంచీ నా జాబితాలో ఉన్న పాటే. మీరు దాని తాళం చెప్పారు. దాని పల్లవి ఎక్కడుందో కూడా చెప్పండి. నాకు దొరకదు, అయినా అది పాటలాగే నిలుస్తుంది. ఎలా?

చాపుతాళం (రాజమండ్రి)

దానికి పల్లవి లేదండీ. ఉన్న నాలుగు మాటలే రెండుసార్లు పాడతాడు. మొదటిసారి దాదాపు పియానో ఒక్కటే. రెండోసారి అక్షరం మారదు, కింద డ్రమ్స్ వస్తాయి, తంత్రీవాద్యాలు వస్తాయి, మొదటిసారి తేలుతూ ఉన్న మాటలే ఇప్పుడు నేల మీద నడుస్తాయి. కృతిలో ఒకే పాదాన్ని సంగతుల (స్వరాల మార్పుల) మీద సంగతులు వేసి పాడితే ప్రతిసారీ అర్థం ఇంకొంచెం తెరుచుకుంటుంది కదా, ఇక్కడ గొంతు అలాగే ఉండి సంగతులు వాయిద్యాలు వేస్తున్నాయి. పైగా థామ్ గొంతులో యంత్రం లేదు, మీరు ద బెండ్స్‌లో ప్రేమించిన గొంతే అది.

పల్లవి_చరణం (విజయవాడ)

ఈ జవాబు నాకు బాగా నచ్చింది. నా మాట మాత్రం మార్చను. పిరమిడ్ సాంగ్, హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ, న్యూడ్: ఇవి నిలిచింది వాటిలో గొంతుకి చోటు ఇచ్చారు కాబట్టి. ఆల్బమ్ కిడ్ ఏని కాక కిడ్ ఏ అనే ఆ పాటని, అమ్నీజియాక్‌లోని పల్క్/పుల్ రివాల్వింగ్ డోర్స్‌ని ఎవరైనా ఇంత ప్రేమగా సమర్థిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

నిజామాబాద్_పోరడు (నిజామాబాద్)

పల్క్/పుల్ నేను సమర్థిస్త అన్నా. రాత్రి కూసొని హెడ్‌ఫోన్ల మళ్ల ఒకసారి విని రాస్త. మీరు గూడ వినున్రి, కింద ఆ బేస్ దెబ్బ దిక్కు చెవి పెట్టి.